నేల మీద పడ్డవి

జహనుమా, హైదరాబాద్
ఫిబ్రవరి 18

నీలక్కకు,

నువ్వు చెప్పినట్టే కాగితం, పెన్ను పట్టుకున్నాను. ఫోన్ చేసిన ప్రతిసారీ "మంచిగున్న అక్కా" అని పెట్టేస్తున్నానని కదా నీ కోపం. "గా ఒక్క ముక్క కాయితం మీద రాసి కవర్ల పెట్టాలంటే నీకే సిగ్గయితది, గందుకే రాయి" అన్నావు. సరే, రాస్తున్నాను. రాయబోతే బడి తెలుగే వస్తోంది, నవ్వకు.

గోడ గూట్లో కాగితం పెట్టుకుని నిలబడి రాస్తున్నాను. ఒక్కసారికి ఇరవై నిమిషాలకు మించి కూర్చోవద్దన్నారు. ఇరవై రెండేళ్ళు కదిలే బస్సులో నిలబడి టికెట్లు రాసిన చేయి, కదలని ఇంట్లో వంకర పోతోంది చూడు.

ఆపరేషన్ అయి ఆరు రోజులు. పూర్తి మత్తు ఇవ్వలేదు. బోర్లా పడుకోబెట్టి, నడుం పక్కన ఆ చోటు మటుకు మొద్దుబారేలా సూది వేసి, పెన్ను లావు గొట్టం లోపలికి దింపారు. గొట్టం కొసన కెమెరా ఉంటుంది. పక్కన టీవీలో నా నడుం లోపలి భాగం నాకే కనిపించింది, తెల్లగా, నీళ్ళలో నానుతున్నట్టు. డాక్టరుగారు మధ్యమధ్యలో కాలు కదపమంటారు, నేను కదుపుతాను. ముప్పావుగంట తర్వాత జారిన డిస్క్ ముక్కను చిన్న సీసాలో వేసి చూపించారు. నమిలి ఊసేసిన కొబ్బరి పిప్పిలా ఉంది. ఇన్నాళ్ళూ నా కాలిని మండించింది ఇదేనా అని ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

సాయంత్రం నడిపించి, మర్నాడు పంపించేశారు. నడుం మీద మిగిలింది బొట్టుబిళ్ళ కంటే కాస్త పెద్ద పట్టీ. అదే వచ్చిన చిక్కు. చూడటానికి వచ్చినవాళ్ళంతా "ఏదీ, చూపియ్" అంటారు, చూసి "గింతేనా" అంటారు. పొడుగు కోత ఉంటే బత్తాయిలు వచ్చేవి. ఈ కోతకు బిస్కెట్ పాకెట్టు కూడా రాలేదు. ఫలక్‌నుమా డిపో నుంచి మనవాళ్ళు ఇద్దరు వచ్చారు. తలుపు నేనే తీయడం చూసి, నడుస్తున్నావు కదా ఇంకేముంది అని గుమ్మం దగ్గర నుంచే వెళ్ళిపోయారు.

ఆసుపత్రి కాగితం మీద నా తరఫున సంతకం నువ్వు పెడతావనుకున్నాను. పది రోజులు సెలవు పెట్టి వస్తానన్నదానివి, సెలవు దొరకలేదని ముందురోజు చెప్పావు. కండక్టర్ల కొరత నాకు తెలియనిదా. మా ఇంటి ఓనరమ్మ ఇక్బాలున్నీసా వచ్చి పెట్టింది. సంబంధం అన్న గడిలో ఏం రాయాలని నర్సు అడిగితే ఆవిడ నన్ను ఒకసారి చూసి, "బహెన్ అని రాయి, నా చెల్లె లెక్క" అంది. మా ఆయన పోయి పదకొండేళ్ళయింది, ఆ గడి ముందు ఇంత చిన్నబోవడం ఇదే మొదటిసారి.

ఆరు వారాలు వంగకూడదు, నడుం తిప్పకూడదు, బరువెత్తకూడదు. ఇంటికొచ్చిన రెండో రోజు దువ్వెన కింద పడింది. దాన్ని నేను చూశాను, నన్ను అది చూసింది, అక్కడే ఉంది. నిన్న చెంచా, ఇవాళ మాత్రల పట్టీ. ఒక్కరే ఉండే ఇంట్లో పడిన వస్తువు పడినచోటే ఉంటుందని నాకు ఇప్పుడు తెలిసింది.

ఈ కవరును మనవాళ్ళు ఇమ్లీబన్ బస్టాండ్‌లో మీ డిపో డ్రైవరు ప్రేమ్‌రాజ్‌కు ఇస్తారు. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

ఉదయశ్రీ


అచ్చంపేట
ఫిబ్రవరి 27

ఉదయకు నీలక్క రాసేది,

ఉత్తరం అందింది. ప్రేమ్‌రాజ్ టిఫిన్ డబ్బా కింద పెట్టి తెచ్చాడు, ఒక మూల పచ్చడి మరక అయింది. రెండుసార్లు చదివాను. మీ అంజన్న బావ, చెక్కపని ఆపి మరీ, ఏం రాసిందని అడిగాడు. నీకు అర్థం కాదులే అన్నాను.

సెలవు సంగతి నువ్వు అర్థం చేసుకున్నావు, సంతోషం. దాన్ని మళ్ళీ ఎత్తకు. దువ్వెన పడితే ఇంకో దువ్వెన కొనుక్కో, దానికి దుఃఖమెందుకు. మనం ఒకే రోజు బ్యాగులు తగిలించుకున్నప్పుడు, మొదటి ట్రిప్పులోనే టికెట్ల ట్రే మొత్తం జారవిడిచి, జనం కాళ్ళ మధ్య పాకుతూ ఏరిన పిల్లవు నువ్వు. అప్పుడు ఏడవలేదు కదా.

కొన్ని సంగతులు అడుగుతాను, వివరంగా రాయి. మా పక్కింటావిడకు కూడా ఇదే నడుంనొప్పి, ఆమె కోసం. ఆపరేషన్‌కు ముందు మంట పిక్క దగ్గర ఆగేదా, పాదం దాకా పోయేదా? దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు కాల్లోకి కొట్టేదా? గొట్టం దింపేటప్పుడు ఎంత నొప్పి? ఎన్నో రోజున నీ అంతట నువ్వు బాత్‌రూమ్‌కు వెళ్ళావు? అన్నిటికంటే ముఖ్యం, మళ్ళీ బస్సెక్కనిస్తారా లేదా? ఆవిడ చాలా భయస్థురాలు. నాలా కాదు.

వేళకు తిను. ఉప్మా తిని అన్నం తిన్నానని చెప్పకు, నాకు తెలుస్తుంది.

నీలక్క


జహనుమా
మార్చి 15

నీలక్కకు,

మీ పక్కింటావిడకు చెప్పు. మంట పాదం దాకా పోయేది. తుమ్మితే పిడుగు పడ్డట్టు ఉండేది. గొట్టానికి నొప్పి లేదు, ఒత్తిడి తెలుస్తుంది అంతే. బాత్‌రూమ్‌కు అదే రోజు వెళ్ళాను. బస్సు సంగతి మే నెలలో తేలుతుంది. ఆసుపత్రి కాగితాలు పట్టుకుని మా డిపో తరఫున డాక్టరు పరీక్షకు వెళ్ళాలి, ఆయన ఫిట్ అంటేనే బస్సు. ఆవిడకు ధైర్యం చెప్పు.

ఇప్పుడు నా సంగతి. మొన్న ఇఫ్తార్ వేళకు ఇక్బాలున్నీసా దహీవడ గిన్నె పట్టుకుని వచ్చింది. తింటుంటే నా చేతిలో చెంచా జారింది. ఆవిడకు మోకాళ్ళు అరిగిపోయాయి, నమాజు కూడా కుర్చీ మీదే చేసుకుంటుంది. ఇద్దరం ఆ చెంచాను చూస్తూ కూర్చున్నాం. చివరికి ఆవిడ, "నాకు మోకాళ్ళు లెవ్వు, నీకు కమర్ లేదు. ఇద్దర్ని కలిపినా ఒక్క పూరా ఆడమనిషి కాదు" అంది. నవ్వితే కుట్టు వేసినచోట లాగింది. ఆవిడ వెళ్ళాక చాలాసేపు ఆ నవ్వు తలుచుకుంటూ నిలబడ్డాను, ఎందుకంటే ఆ రోజంతటిలో నేను విన్న మనిషి గొంతు అదొక్కటే.

అక్కా, ఒక మాట రాస్తాను, వెక్కిరించకు. ఆడవాళ్ళకు చార్జీ లేని సున్నా టికెట్టు వచ్చాక మన బస్సులో ఎంత జనమో నీకు తెలుసు. నా భుజానికి ఒకరి తల, నా వీపుకు ఒకరి మోచెయ్యి, నా కాలి మీద ఒకరి కాలు. ఎన్నిసార్లు తిట్టుకున్నానో. రోజుకు వెయ్యిమంది తగిలిన ఒంటికి ఇప్పుడు ఒక్కరు తగలడం లేదు. పట్టీ మార్చేటప్పుడు నర్సు చెయ్యి నడుం మీద పడితే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె నొప్పి అనుకుని సారీ చెప్పింది.

నువ్వు రాకపోవడం నాకు కష్టంగానే ఉంది. అర్థం చేసుకున్నానని రాశాను, నిజానికి చేసుకోలేదు. నీకు సెలవు దొరకలేదు సరే, వారానికి ఒకరోజు వీక్లీ ఆఫ్ ఉంటుందిగా. మూడున్నర గంటల ప్రయాణం. పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి వెళ్ళొచ్చు. ఒక్క ఆఫ్ కూడా నాకు ఇవ్వలేకపోయావు. ఎత్తవద్దన్నావు, ఎత్తాను. బరువెత్తవద్దన్నారు కానీ ఇది మోయడం ఇంకా కష్టంగా ఉంది.

ఉదయ


అచ్చంపేట
మార్చి 31

ఉదయా,

నిన్న ఉగాది. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందని బావ మొహం చిట్లించాడు. నీ ఉత్తరం తర్వాత నాకు ఏ రుచీ తెలియలేదు.

నువ్వు రాసింది న్యాయమే. నేను రాలేకపోయాను. కారణం అడగకు. మనిషికి కొన్ని చెప్పుకోలేనివి ఉంటాయి. ఇంట్లో కూడా ఎవరికీ తెలియనివి ఉంటాయి. నీ మీద ప్రేమ లేక కాదని మాత్రం రాస్తున్నాను, ఈ మాట ఫోన్లో నా నోట రాదు.

బెల్లం గవ్వలు పంపుతున్నాను. ప్రేమ్‌రాజ్ దారిలో తినకుండా డబ్బా మూతకు టేపు వేశాను.

కాలు ఎలా ఉంది? నడుం సంగతే రాస్తున్నావు, కాలి సంగతి ఒక్క ముక్క రాయడం లేదు.

నీలక్క


జహనుమా
ఏప్రిల్ 20

నీలక్కకు,

గవ్వలు అందాయి. టేపు ఊడదీసి మళ్ళీ వేసిన గుర్తులున్నాయి, మీ ప్రేమ్‌రాజ్‌ను అడుగు.

కాలు భేషుగ్గా ఉంది. లేడిపిల్లలా నడుస్తున్నాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మా గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు. ఫలక్‌నుమా స్టేషన్ దాకా కూడా పోయి రైళ్ళు చూసి వస్తున్నాను. వెనక పట్టీ ఉన్న కొత్త చెప్పులు కొన్నాను. పాతవాటిలో ఎడమది ఎక్కడో పోయింది.

ఆరు వారాలు దాటాయి, మోకాళ్ళ మీద కూర్చుని వస్తువులు తీసుకోవచ్చన్నారు. ఎందుకో చెయ్యి పోవడం లేదు. పొడుగు చీపురుతో అన్నీ మంచం కిందికి నెట్టేశాను. కనబడకపోతే గొడవ లేదు.

నువ్వు రాకపోయినా గడిచిపోయింది. ఇంక ఫికర్ చేయకు. మీ పక్కింటావిడకు కూడా ఇదే చెప్పు, ఇది దోమకాటంత పని, ఎప్పుడు చేయించుకున్నా ఒకటే, తొందరేం లేదు.

ఉదయశ్రీ


అచ్చంపేట
మే 9

ఉదయకు,

నీ ఉత్తరం చూసి గుండెల మీద బరువు దిగింది. తొందరేం లేదని రాశావు చూడు, ఆ మాట దగ్గర ఆగి మళ్ళీ చదివాను. పక్కింటావిడకు కూడా చదివి వినిపించాను.

ఆవిడకు ఇప్పుడు మస్తు నయం. మన్ననూర్ నుంచి ఒకాయన వచ్చి నూనె రాసి తోమి వెళ్తున్నాడు. పదిహేను రోజుల కిందటి దాకా తొడ నుంచి పాదం దాకా నిప్పు పెట్టినట్టు ఉండేదట, ఇప్పుడు ఆ మంట లేనే లేదు. కుడి బొటనవేలి దగ్గర కొంచెం మొద్దుగా ఉందట. మెట్టు ఎక్కేటప్పుడు పాదం ముందు భాగం తగులుతోందట, రెండుసార్లు తూలిందట. నొప్పి పోయిందంటే లోపల మానుతున్నట్టే కదా. ఈ వయసులో కత్తీ కఠారీ ఎందుకు, సర్వీసు ఇంకా ఐదేళ్ళు ఉంది, అన్‌ఫిట్ అని రాస్తే ఏ గేటు దగ్గరో కూర్చోబెడతారు అంటోంది. నాకూ అదే నిజమనిపించింది.

నీ పరీక్ష ఎప్పుడో రాయి. మైసమ్మకు మొక్కుకున్నాను.

నీలక్క


జహనుమా
మే 13

నీలక్కా,

నేను అబద్ధం రాశాను. ఈ ఉత్తరం చదివే ముందు తలుపు వేసుకో. బావ ఇంట్లో ఉంటే ఉండనీ, ఉంటేనే మంచిది.

నిన్న పరీక్ష అయింది. డాక్టరు నడవమన్నాడు, నడిచాను. వంగి లేవమన్నాడు, లేచాను. మునివేళ్ళ మీద నడవమన్నాడు, నడిచాను. తర్వాత మడమల మీద నడవమన్నాడు. కుడి పాదం లేచింది. ఎడమ పాదం లేవలేదు. నేను లెమ్మంటున్నాను, అది వినడం లేదు. రెండు నెలలుగా తలుపు వేసుకుని గోడ పట్టుకుని ఇదొక్కటే నేర్చుకుంటున్నాను అక్కా. ఆయన మంచివాడు, ఇంకోసారి ప్రయత్నించమన్నాడు. ఇంకోసారీ అంతే. కదిలే బస్సులో డ్యూటీకి పనికిరాదని రాసి, తేలికపాటి పని ఇవ్వవచ్చన్నాడు. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. పక్కన కూర్చున్నాయన మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

ఎడమ చెప్పు ఎక్కడో పోయిందని రాశాను కదా. ఎక్కడ పోయిందో చెబుతాను. మార్చి నెలలో పాల కోసం గల్లీ చివరి దుకాణానికి వెళ్ళాను. పాలు తీసుకుని తిరుగుతుంటే డాబా మీద నుంచి ఇక్బాలున్నీసా కేకేసింది, "అమ్మా ఉదయశ్రీ, చెప్పు గీడ్నే ఉన్నది." కిందికి చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. గల్లీ మధ్యలో ఎప్పుడో జారిపోయింది. కంకర మీద నడిచినా నాకు తెలియలేదు. వెనక్కి వెళ్ళేసరికి ఆటో దాని మీద నుంచి పోయింది. ఈ సంగతి నీకే కాదు, ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలి పడతారు, నీ జాలి నాకు అక్కర్లేదనుకున్నాను, రాలేదన్న కోపంతో.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఆపరేషన్ చేసిన పని కాదు. డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. ముక్క తీసేస్తాను, మంట పోతుంది, కానీ నరం ఎన్నాళ్ళు నలిగిందో దాన్ని బట్టి బలం వస్తుంది, రాకపోనూ వచ్చు అన్నారు. నేను పద్నాలుగు నెలలు ఖాకీ చొక్కా కింద బెల్టు కట్టుకుని దాచాను. అన్‌ఫిట్ అంటారని. మధ్యలో ఒకసారి మంట పూర్తిగా పోయింది. పాదం మొద్దుబారింది, నొప్పి లేదు. మానిందనుకుని మహంకాళి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టాను. మానలేదు అక్కా. అరిచి అరిచి నరం గొంతు పోయింది. ఆ కొబ్బరికాయ కొట్టిన రోజే వెళ్ళి ఉంటే నా పాదం దక్కేదేమో.

నిన్న పరీక్ష నుంచి ఇమ్లీబన్‌కు వచ్చాను. ప్రేమ్‌రాజ్ బస్సు ఆగి ఉంది. నీ గురించి అడిగాను. అతను నవ్వుతూ, "నీలక్క సీటుకు మొక్కుకున్నదా ఏంది? డిండి దాటినంక బస్సుల పది మంది గూడ ఉండరు. అయినా కూసోదు, రాడ్డు పట్టుకుని నిలబడ్తది. పెద్ద కండక్టర్ కదా అని మేము అడగం" అన్నాడు.

ఖాళీ బస్సులో కూడా కూర్చోలేని కండక్టరుకు ఏమైందో నాకు తెలుసు. పద్నాలుగు నెలలు నేనూ కూర్చోలేదు. కూర్చుంటే చచ్చిపోయేదాన్ని. మూడున్నర గంటలు సీట్లో కూర్చుని నన్ను చూడటానికి ఎందుకు రాలేకపోయావో కూడా ఇప్పుడు తెలిసింది. మీ ఇంటికి ఒక పక్క ఖాళీ జాగా, ఇంకో పక్క గోడౌను. నీ గృహప్రవేశానికి నేనే కదా అన్నం వడ్డించింది, పక్కింటావిడ ఎక్కడి నుంచి వచ్చింది?

తొందరేం లేదని రాసింది నేనే. ఆ ఉత్తరం చించెయ్. తొందర ఉంది. కూర్చోలేకపోతే వెనక పొడుగు సీటు మీద పడుకుని రా. నా డాక్టరుగారి దగ్గర నీ పేరు రాయించాను, వచ్చే సోమవారం. ఇది చదివిన రోజే బావకు చూపించు. నువ్వు చూపించకపోతే ప్రేమ్‌రాజ్ నోటితో చెప్పిస్తాను.

నా పాదం పోయింది. నీది పోనివ్వను.

ఉదయ


అచ్చంపేట
మే 16

ఉదయా,

నిలబడి రాస్తున్నాను. ఇన్నాళ్ళూ అన్ని ఉత్తరాలూ నిలబడే రాశాను.

నాకు ఈ నొప్పి మొదలై పదకొండు నెలలు అయింది. బావకు చూపించాను. చదివి మంచం అంచున కూర్చున్నాడు. "నేను చేసిన మంచం మీద పండుకుంటున్నవ్, నిద్ర పడ్తలేదని నాకు చెప్పవైతివి" అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన ఏడవడం ఇప్పుడే చూశాను.

నీ ఆపరేషన్ కంటే ముందురోజు బస్టాండ్ దాకా వచ్చాను. బట్టల సంచి కూడా తెచ్చాను. సీట్లో కూర్చున్నాను, బస్సు కదిలింది, ఊరి పొలిమేర దాటకముందే దిగిపోయాను. రోడ్డు పక్కన నిలబడి నీకు ఫోన్ చేసి సెలవు దొరకలేదని చెప్పాను. నీ దగ్గరికి వస్తే నా నడక చూసి పట్టేస్తావన్న భయం కూడా ఉంది. నువ్వు ఒక్కదానివే ఆ గడి ముందు కూర్చున్నావు. నన్ను క్షమించమని అడగను, అడిగే మొహం లేదు.

పాదం ఇవాళ పొద్దున చూసుకున్నాను. బొటనవేలు సగమే లేస్తోంది. భయమేస్తోంది ఉదయా. ఆవిడ చాలా భయస్థురాలని రాశాను కదా, అది నిజం.

సోమవారం వస్తున్నాను. పడుకునే వస్తాను.

నీలక్క


జహనుమా
మే 17

నీలక్కకు,

ఇది ఇప్పుడే బయల్దేరే బస్సులో పంపుతున్నాను, అందుకే నాలుగు ముక్కలు.

బస్సు దిగాక మెట్ల మీద తొందరపడకు. నేను కింద నిలబడి ఉంటాను. బావ తన పని పాడు చేసుకోనక్కర్లేదు, నిన్ను అప్పగించి వెళ్ళమను. ఆపరేషన్ అయితే ఆరు వారాలు నా దగ్గరే. నాకు జూన్ మొదటి వారం నుంచి ఇమ్లీబన్‌లో విచారణ కౌంటరు ఇచ్చారు. అద్దం వెనక కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫామో చెప్పాలి. జనమంతా ఎదురుగానే ఉంటారు, ఒక్కరూ తగలరు. దాని సంగతి తర్వాత చెబుతాను, అది తలుచుకుంటే నాకింకా బాగుండటం లేదు. పగలు ఇక్బాలున్నీసా ఉంటుంది, సాయంత్రం నేను వస్తాను.

నిన్న మంచం కోడు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. భయపడుతూనే కూర్చున్నాను. మంచం కింద నుంచి అన్నీ తీశాను. దువ్వెన, రెండు చెంచాలు, మాత్రల పట్టీ, ఒక తాళంచెవి, నీ రెండో ఉత్తరం కవరు. పచ్చడి మరక ఉన్నది నా మొదటి ఉత్తరం కదా అని వెతికాను, అది నీ దగ్గరే ఉందని తర్వాత గుర్తొచ్చింది. నువ్వు పడుకునే చోటు కాబట్టి శుభ్రంగా ఉండాలి.

సంతకం నేను పెడతాను. ఆ గడిలో ఏం రాయాలో నాకు తెలుసు.

ఉదయ


జహనుమా
జూన్ 11

ఉదయకు,

నువ్వు డ్యూటీకి వెళ్ళావు. సాయంత్రం నోటితోనే చెప్పొచ్చు, కానీ మన అలవాటు పోనివ్వడం ఎందుకని రాస్తున్నాను. నీ గోడ గూడు నాకు కాస్త ఎత్తు. నీ కంటే పొట్టిదాన్నని ఇన్నేళ్ళకు ఒప్పుకుంటున్నాను.

ఇవాళ పదమూడో రోజు. నువ్వు వెళ్ళాక మంచం మీద కాళ్ళు చాపుకుని చూసుకున్నాను. బొటనవేలు పూర్తిగా లేచింది. కిందికి దించి మళ్ళీ లేపాను, మళ్ళీ లేచింది. మొన్నటి నుంచే లేస్తోంది ఉదయా. నీ ముందు లేపడానికి సిగ్గేసి చెప్పలేదు. నువ్వు ఇచ్చిన పాదం ఇది. నీది లేవకుండా నాది లేస్తే నేను ఎట్లా సంతోషపడను, ఎట్లా పడకుండా ఉండను. రెండూ అవుతున్నాయి. పొద్దున నువ్వు ఎడమ కాలు ఈడ్చుకుంటూ గల్లీ మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. నువ్వు వెనక్కి తిరిగి చూడలేదు, మంచిదే అయింది.

మధ్యాహ్నం ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. ఇక్బాలున్నీసా అన్నం పెట్టి, నా పట్టీ చూసి, "గింతేనా" అని నవ్వి పైకి వెళ్ళింది. ఆ తర్వాత గోడ గడియారం ఒక్కటే. నువ్వు ఫిబ్రవరి నుంచి ఇట్లాంటి మధ్యాహ్నాలు ఎన్ని లెక్కపెట్టావో ఇప్పుడు తెలుస్తోంది. నేను వారం రోజులకే తట్టుకోలేకపోతున్నాను, అదీ సాయంత్రం నువ్వు వస్తావని తెలిసి. నీకు సాయంత్రం కూడా ఎవరూ రాలేదు.

ఈ పేరా రాస్తుండగా పెన్ను మూత జారి కింద పడింది. మంచం కోడు పక్కనే ఉంది, నాకు కనిపిస్తోంది. వంగకూడదు కదా. ఇక్బాలున్నీసాను కేకేద్దామనుకున్నాను, మానేశాను.

నువ్వు ఆరున్నరకు వస్తావు. అప్పటిదాకా అక్కడే ఉండనీ.

నీలక్క